ఇరవైలో ఆ పది ఎక్కడ పోయాయి?

ప్రోగ్రెస్ కార్డు ఇంటికొస్తే మనలో చాలామంది ముందు చూసేది చివరి గడే. మొత్తం ఎంత, పక్కింటి పిల్లకెంత. నేనైతే ఆ గడిని ఆఖరున చూస్తాను.

2022లో మన సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది కదా. బోధన్‌లో మా చిన్నది అప్పుడు ఏడో తరగతి. అప్పటిదాకా తెలుగులో చదివిన పిల్ల. మొదటి ఫార్మేటివ్‌లో సోషల్‌కు 20కి 10 వచ్చాయి. మావారు కార్డు చూసి, "ఇదేంది బిడ్డా, గిట్లెందుకైంది?" అన్నారు. అది తలుపు చాటుకు పోయింది.

హైస్కూల్లో ఆ 20 నాలుగు ముక్కలు, ఒక్కోటి 5. క్లాసులో పాల్గొనడం, నోట్సు రాత, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్. మా దానికి పాల్గొనడంలో 4, ప్రాజెక్టుకు 4. నోట్సుకు 1, స్లిప్ టెస్టుకు 1. అంటే పాఠం వస్తోంది, రాత రావట్లేదు.

పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "టీచర్ అడిగితే చెప్తానమ్మా. రాయాలంటే స్పెల్లింగ్ రాదు, అందుకే వదిలేస్తున్నా" అంది.

మా మామయ్య శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి ఏళ్ల తరబడి చెరుకు తోలారు, 2015 చివర్లో అది మూతపడేదాకా. తూకం తగ్గితే ఇంటికొచ్చి చెరుకును తిట్టేవారు కాదు. ఏ మడికి నీళ్లందలేదు, ఎక్కడ పురుగు పట్టింది అని చూసుకునేవారు. కార్డు కూడా తూకం చిట్టీ లాంటిదే. తక్కువని చెప్తుంది, ఎందుకో చెప్పదు. అది మనమే వెతుక్కోవాలి.

ఆ ఏడు ఇచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీష్. రాత్రి అన్నాలయ్యాక ముందు తెలుగు పేజీ చదివించి, తర్వాత ఎదుటి పేజీలో అయిదు మాటలు రాయించేదాన్ని. అంతే. రెండో ఫార్మేటివ్‌లో 13 వచ్చాయి. గొప్పేం కాదు, కానీ నోట్సుకు 3 వచ్చాయి.

2019 ఏప్రిల్ ఇంటర్ ఫలితాలు మనమెవరం మరచిపోలేం. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే 99. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు కాగితంలోనూ ఉండొచ్చని వాళ్లకు ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే అక్కలారా, చెల్లెళ్లారా, సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి: "ఇందులో నీకు ఏది కష్టమైంది?" జవాబు వచ్చేదాకా ఆగండి. పక్కింటి పిల్ల మార్కులు ఆ పూట మీ ఇంట్లోకి రానివ్వకండి. అన్నం మాత్రం ఎప్పటిలాగే వేడివేడిగా పెట్టండి.