గడ్డిని చూసి క్లబ్బు తీయాలి

గోల్ఫ్ మైదానంలో నా పని గడ్డితో. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగాను, కొన్నాళ్లు సాంచెలు నడిపాను, తర్వాత దుబాయ్ వెళ్లి ఒక గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్ స్టాఫ్‌లో చేరాను. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ అదే పని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు అనగానే బిల్డింగ్ పని, క్లీనింగ్, డ్రైవింగ్ గుర్తొస్తాయి. గడ్డి కోయడానికి, ఇసుక చల్లడానికి, నీళ్ల పైపులు చూసుకోవడానికి పోయినవాళ్లూ ఉన్నారు. మా క్యాంపులో కోరుట్ల అన్న ఒకాయన రోలర్ నడిపేవాడు, జగిత్యాల తమ్ముడు బంకర్లలో ఇసుక సాపు చేసేవాడు. మేము ఆడటానికి పోయినవాళ్లం కాదు. కానీ బంతి ఎక్కడ పడితే ఎంత దూరం దొర్లుతుందో ఆడేవాళ్ల కంటే ముందు మాకు తెలిసేది. ఆ గడ్డిని ఆ పొద్దున కోసింది మేమే మరి.

గ్రీన్ అంచున చిప్ కొట్టడానికి ఏ క్లబ్బు తీయాలి అని అడిగితే కోచ్‌లు చేతుల వైపు నుంచి జవాబు చెబుతారు. నేను నేల వైపు నుంచి చెబుతాను.

ఆట తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. జెండా పాతిన గుంత ఉండే చోటును గ్రీన్ అంటారు. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 108 మిల్లీమీటర్లు. గ్రీన్ మీద గడ్డి దాదాపు 3 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని చుట్టూ ఫ్రింజ్, అక్కడ గడ్డి సుమారు సెంటీమీటరు. ఆ బయట రఫ్, అక్కడ గడ్డి బంతిని సగం మింగేస్తుంది. దూరం నుంచి కొట్టిన బంతి గ్రీన్ మీద ఆగకుండా ఈ అంచుల్లో ఎక్కడో ఆగుతుంది. అక్కడి నుంచి కొద్దిగా గాల్లోకి లేపి, మిగతా దూరం నేల మీద దొర్లించి జెండా దగ్గరికి చేర్చే దెబ్బే చిప్. మూడు వందల గజాలు కొట్టేవాణ్ణి చూసి జనం చప్పట్లు కొడతారు గానీ, స్కోరు తేలేది ఈ అంచుల్లోనే.

బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదని నియమం. ఒక్కో క్లబ్బు ముఖం ఒక్కో వాలుతో ఉంటుంది, దాన్నే లాఫ్ట్ అంటారు. ఏడో నంబరు ఐరన్‌కు 30 నుంచి 34 డిగ్రీలు, పిచింగ్ వెడ్జ్‌కు 45 దగ్గర, సాండ్ వెడ్జ్‌కు 54 నుంచి 56, లాబ్ వెడ్జ్‌కు 60. లాఫ్ట్ పెరిగేకొద్దీ బంతి పైకి లేస్తుంది, పడ్డాక తక్కువ దొర్లుతుంది. లాఫ్ట్ తగ్గేకొద్దీ కిందుగా పోయి ఎక్కువ దొర్లుతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలిసి కూడా నూటికి తొంభై మంది గ్రీన్ అంచుకు రాగానే సాండ్ వెడ్జే లాగుతారు. జెండా పక్కనే ఉన్నా అదే, ఇరవై అడుగుల అవతల ఉన్నా అదే. టీవీలో పెద్ద ఆటగాళ్లు బంతిని ఆకాశానికి లేపి జెండా పక్కన దించడం చూసి చూసి అలా అలవాటైంది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న మాట. దెబ్బ మార్చొద్దు, క్లబ్బు మార్చండి. సాంచె నడిపినవాడికి ఇది చప్పున అర్థమవుతుంది. పోగును అటూ ఇటూ మోసే నాడెను తోసే దెబ్బ ఎప్పుడూ ఒకే తీరు. గుడ్డ వత్తుగా రావాలన్నా పలచగా రావాలన్నా ఆ దెబ్బ జోలికి ఎవరూ పోరు, పిక్ వీల్ మారుస్తారు. అంగుళానికి ఎన్ని పిక్కులు (అడ్డపోగులు) పడాలో ఆ చక్రం చూసుకుంటుంది. దెబ్బను అటూ ఇటూ చేస్తే నాడె మధ్యలో ఆగి పోగులు తెగుతాయి. చిప్పింగ్‌లో కూడా, గ్రీన్ మీద బంతిని దొర్లించే పుట్టర్‌ను ఊపినట్టు ఒకే చిన్న ఊపు నేర్చుకోవాలి. బరువు ఎడమ కాలి మీద, బంతి కాస్త కుడి పాదం వైపు, చేతులు బంతికి ముందు, మణికట్టు కదలకుండా. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది తిరగబడుతుంది, అంతే. ఈ ఊపు చేతికి వచ్చాక మిగతా పని క్లబ్బుకు అప్పగించాలి.

ఏ క్లబ్బుకో నేల చెబుతుంది, అది నేను నేర్చుకున్నది దుబాయ్‌లో. అక్కడ మా పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యేది. ఆ దేశంలో గడ్డి మైదానం అనేదే కొత్త సంగతి. ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ 1988లో తెరిచినప్పుడు, పూర్తిగా పచ్చగడ్డితో ఉన్న మొదటి గోల్ఫ్ మైదానంగా ఆ ప్రాంతమంతా చెప్పుకున్నారు. అంతకు ముందు ఎడారిలోనే ఆడేవారు. నూనె కలిపి చదును చేసిన ఇసుకే గ్రీన్, దాన్ని బ్రౌన్ అనేవారు. చేతిలో చిన్న ప్లాస్టిక్ గడ్డి ముక్క పట్టుకుని తిరిగి, దాని మీద బంతి పెట్టి కొట్టేవారు. అలాంటి నేల మీద గడ్డిని 3 మిల్లీమీటర్ల దగ్గర బతికించి ఉంచడం అంటే రోజూ చంటిబిడ్డను చూసుకున్నంత పని.

మొదట పొడవాటి కర్రతో మంచు దులపాలి. తర్వాత మోవర్, దాని వెనకే రోలర్. అప్పుడు గుంత మార్చాలి. పాత గుంత చుట్టూ జనం తొక్కి తొక్కి గడ్డి నలిగిపోతుంది కాబట్టి రోజూ కొత్త చోట గుంత తీస్తారు. గొట్టంలా ఉండే కట్టర్‌ను నేలలోకి నిలువుగా దించి, తిప్పి, మట్టిదిమ్మను గడ్డితో సహా పైకి లాగుతాం. ఆ దిమ్మను తీసుకెళ్లి పాత గుంతలో కూర్చి కాలితో అదమాలి. ఎత్తు వెంట్రుకవాసి తేడా వచ్చినా బంతి అక్కడ తడబడుతుంది. ఆ దిమ్మను చేతిలోకి తీసుకున్నప్పుడు నేల సంగతంతా తెలిసిపోతుంది. వేళ్లతో నొక్కితే తడి ఎంత, మట్టి గట్టిదా మెత్తదా, వేర్లు ఎంత లోతుకు పోయాయి, అన్నీ. ఆ రోజు బంతి పడ్డచోట దిగబడుతుందా ఎగిరి పరుగెడుతుందా అన్నది అక్కడే చెప్పొచ్చు.

గ్రీన్ వేగం కొలవడానికి స్టింప్‌మీటర్ ఉంటుంది. 36 అంగుళాల అల్యూమినియం బద్ద, మధ్యలో గాడి, ఒక చివర దగ్గర చిన్న నొక్కు. ఆ నొక్కులో బంతి పెట్టి బద్దను మెల్లగా పైకెత్తితే దాదాపు ఇరవై డిగ్రీల దగ్గర బంతి తనంతట తాను జారుతుంది. ఎన్ని అడుగులు పోయిందో కొలవాలి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొలవాలి, రెండింటి సగటు తీయాలి. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికా ఆటగాడు 1935లో దీని మొదటి నమూనాను తయారుచేశాడు. తొమ్మిది అడుగులు వస్తే మామూలు వేగం, పన్నెండు వస్తే గాజు మీద పోయినట్టే. కొలత అయ్యాక మా సూపరింటెండెంట్ ఫ్రింజ్ నుంచి కొన్ని బంతులు మా చేత చిప్ చేయించేవాడు. బద్ద చెప్పే వేగం ఒకటి, గాల్లోంచి పడ్డ బంతి చేసే పని ఒకటి అనేవాడు. నేను చిప్ నేర్చుకున్నది అలా.

ఆయన నేర్పిన మొదటి సంగతి: జెండాను కాదు, బంతి పడే చోటును చూడాలి. గ్రీన్ అంచు దాటాక ఒక అడుగు లోపల ఒక చోటు ఎంచుకోవాలి. ఎందుకు గ్రీన్ మీదే? ఫ్రింజ్‌లో గడ్డి ఎగుడుదిగుడుగా ఉంటుంది, అక్కడ పడ్డ బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. గ్రీన్‌ను రోజూ కోసి, రోలర్ తిప్పి సమం చేస్తాం. ఆ సమాన నేలను వాడుకోండి.

చోటు ఎంచుకున్నాక చిన్న లెక్క. దీన్ని పన్నెండు లెక్క అంటారు. పన్నెండులోంచి క్లబ్బు నంబరు తీసేస్తే, గాల్లో పోయినదానికి ఎన్ని రెట్లు నేల మీద దొర్లుతుందో వస్తుంది. పిచింగ్ వెడ్జ్‌ను పది, సాండ్ వెడ్జ్‌ను పదకొండు అనుకోవాలి. బంతి నుంచి పడే చోటుకు నాలుగు అడుగులు వేశారు, అక్కడి నుంచి జెండాకు పదహారు అడుగులు అనుకుందాం. అంటే నాలుగు రెట్లు. పన్నెండులో నాలుగు పోతే ఎనిమిది, ఎనిమిదో నంబరు ఐరన్ తీయండి. జెండా ఎనిమిది అడుగుల్లోనే ఉంటే రెండు రెట్లు, పిచింగ్ వెడ్జ్. నాలుగే ఉంటే అప్పుడు సాండ్ వెడ్జ్. ఇది మామూలు వేగం ఉన్న చదును గ్రీన్ లెక్క. ఎత్తుకు పోవాలంటే ఒక నంబరు కిందికి, పల్లానికి పోవాలన్నా గ్రీన్ బాగా వేగంగా ఉన్నా ఒక నంబరు పైకి మారాలి.

లెక్క సగమే. మిగతా సగం గడ్డి. గోల్ఫ్ మైదానాల్లో వేసే బెర్ముడా మన గరిక జాతే. వినాయకుడికి పెట్టే గరికనే రకరకాలుగా సంకరం చేసి మెత్తగా, పొట్టిగా పెంచారు. గరిక నేల మీద పాకుతుంది కదా, అది ఏ వైపు పాకిందో ఆ వైపు గడ్డి వాలి ఉంటుంది. మీ ముందు గడ్డి మెరుస్తూ తెల్లగా కనిపిస్తే అది మీకు అవతలికి వాలింది, బంతి హాయిగా పోతుంది. ముదురాకుపచ్చగా కనిపిస్తే మీ మీదికి వాలింది. అలాంటి చోట సాండ్ వెడ్జ్ అంచు గడ్డిలో చిక్కుకుని నేలలో దిగబడుతుంది, బంతి రెండడుగులు కూడా పోదు. అక్కడ ఎనిమిదో తొమ్మిదో నంబరు తీసి నేలను రాసుకుంటూ పోనివ్వాలి. గల్ఫ్‌లో చాలా చోట్ల పాస్పాలం అనే గడ్డి వేస్తారు, ఉప్పునీళ్లను తట్టుకుంటుంది కాబట్టి. దాని మీద బంతి త్వరగా ఆగుతుంది. లెక్క కంటే ఒక నంబరు తక్కువ లాఫ్ట్ పట్టుకుంటేనే జెండా దాకా చేరుతుంది.

తెలంగాణ నేల సంగతి వేరు. గోల్కొండ కోట దగ్గరైనా, గచ్చిబౌలి గుండ్రాళ్ల మధ్యనైనా కింద రాతినేల. మే నెలలో గ్రీన్ పక్కన గడ్డి పలచబడి మట్టి తేలుతుంది. సాండ్ వెడ్జ్ అడుగున ఉబ్బెత్తు భాగం ఉంటుంది, దాన్ని బౌన్స్ అంటారు. 1932లో జీన్ సారజెన్ బ్రిటిష్ ఓపెన్ గెలిచింది ఇలా అడుగున ఉబ్బు పెట్టుకున్న క్లబ్బుతోనే. ఆ ఉబ్బు ఇసుకలో దిగబడకుండా జారడానికి పెట్టినది. దాన్ని తీసుకొచ్చి గట్టినేల మీద వాడితే అడుగు నేలకు తగిలి ఎగిరి, క్లబ్బు అంచు బంతి నడుముకు తగులుతుంది. బంతి గ్రీన్ దాటి అవతల పడుతుంది.

పోయిన ఎండాకాలం ప్రాక్టీస్ గ్రీన్ దగ్గర ఒక డాక్టరుగారు ఇలాంటి చోటి నుంచే సాండ్ వెడ్జ్‌తో వరుసగా అవతలికి కొడుతున్నారు. "సార్, అది లోపల పెట్టండి. ఎనిమిది తీయండి" అన్నాను.

"ఎనిమిదా? ఇంత దగ్గర్లోనా?"

"గ్రీన్ దగ్గరే సార్. జెండా దూరం."

అదే ఊపుతో కొట్టారు. బంతి అంచు దాటి పడి, బుద్ధిగా దొర్లి జెండాకు చేతి దూరంలో ఆగింది. మరీ గట్టినేల అయితే పుట్టర్ తీసినా తప్పు లేదు. వానాకాలం వచ్చాక కథ మారుతుంది. నేల మెత్తబడుతుంది, అప్పుడు బౌన్స్ ఉన్న వెడ్జే రక్షిస్తుంది.

ఒకే వెడ్జ్‌తో అన్ని దెబ్బలూ నేర్చుకోవాలనే గురువులున్నారు. వాళ్లను కాదనను. సెవె బయెస్తెరోస్ చిన్నప్పుడు స్పెయిన్ సముద్రతీరంలో ఒకే ఒక్క మూడో నంబరు ఐరన్‌తో అన్ని దెబ్బలూ నేర్చాడు. మన దేశంలో ఎస్.ఎస్.పి. చౌరాసియా ఉన్నాడు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్ పనివాడి కొడుకు, 2016, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. గ్రీన్ చుట్టూ ఆయన చేతివాటం చూసి ఆయన పేరునే మార్చి చిప్పుట్సియా అని పిలుచుకున్నారు. మా పనివాళ్లందరికీ ఆయనంటే ప్రాణం. కానీ వాళ్లు పొద్దంతా గ్రీన్ చుట్టూ పెరిగినవాళ్లు. ఆదివారం పొద్దున వచ్చి పదకొండింటికి ఇంటికెళ్లే వాళ్లకు ఒకే వెడ్జ్ సలహా ఇవ్వడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఆడేవాళ్లకు నా విన్నపం. కార్టు దిగి బంతి దగ్గరికి నడిచేటప్పుడు ఒక్క క్లబ్బు కాదు, మూడు పట్టుకెళ్లండి: ఎనిమిది, పిచింగ్, సాండ్. వాడనివి రఫ్‌లో పడేస్తే మరిచిపోతారు, గ్రీన్ బయట మీరు తిరిగి నడిచే దారిలో పెట్టుకోండి. పొద్దున మొదటి హోల్‌కు వెళ్లే ముందు, కట్టర్ పట్టుకుని గుంత తీసినవాడు కనిపిస్తే ఈ రోజు నేల ఎలా ఉందని అడగండి. తప్పకుండా చెబుతాడు.