పొద్దంతా ఎవరు చూస్తారు?

కోదాడలో రిటైరైన ఉద్యోగులు రోజూ కూడే భవనానికి నేను వెళ్లేసరికి పొద్దున పది దాటింది. దినపత్రికలు అప్పటికే ఏ పేజీకాపేజీగా విడిపోయి చేతులు మారుతున్నాయి. ఒక మూల క్యారమ్స్ ఆడుతున్నారు. బీపీ మిషన్ దగ్గర ముగ్గురు చొక్కా చేతులు పైకి మడుచుకుని వంతు కోసం కూర్చున్నారు. మధ్య బల్ల మీద డీఏ బకాయిల చర్చ గట్టిగా సాగుతోంది. లెక్కల మాస్టారుగా పనిచేసిన పెద్దాయన నాకు కుర్చీ జరిపి, "ఇక్కడికొస్తే సగం జబ్బు తగ్గుద్దమ్మా. ఇంట్లో టీవీ తప్ప పలకరించేవాళ్లు లేరు" అన్నారు. ఆయన పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు.

ఈ ఊరికి అది కొత్త సంగతేమీ కాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పొలాలు పండాయి, పండిన పంట పిల్లల చదువులకు పోయింది, ఆ చదువులు పిల్లల్ని హైదరాబాదు మీదుగా డల్లాస్ దాకా తీసుకెళ్లాయి. కాస్త దూరం వెళ్తే ఆంధ్ర సరిహద్దు, ఊరి మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి. ఎటు పోవాలన్నా బస్సుకు కొదవ లేదు. పిల్లలు ఎక్కి వెళ్లారు, పెద్దవాళ్లు ఇక్కడ ఉండిపోయారు.

ఆ భవనం నాకు నిజంగా నచ్చింది. అయితే వచ్చినవాళ్లంతా సొంత కాళ్ల మీద మెట్లెక్కి రాగలిగినవాళ్లే. ఆడవాళ్లు ఇద్దరే కనిపించారు. "ఒకప్పుడు వస్తూ, ఇప్పుడు మానేసినవాళ్లు ఉన్నారా మాస్టారూ?" అని అడిగాను. ఆయన వేళ్లు మడుస్తూ చెప్పుకొచ్చారు. ఒకాయనకు పక్షవాతం. ఇంకొకాయన బాత్రూంలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. మరొకాయనకు దారి గుర్తుండడం లేదు. ఖమ్మం క్రాస్ రోడ్డు దగ్గర ఎటు పోవాలో తెలియక నిలబడిపోతే ఆటోవాళ్లు గుర్తుపట్టి ఇంటి దగ్గర దింపారట. "చూసొస్తుంటాం. పది నిమిషాలు కూచుంటాం. అంతకుమించి ఏం చేయగలం?" అన్నారు మాస్టారు.

ఆయన చూపించిన ఇళ్లలో రెండింటికి వెళ్లాను.

మొదటి ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దాయన. ఆయన భార్యకూ డెబ్బై దగ్గర పడుతున్నాయి. మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి ఆయన చంకల కింద నుంచి తువ్వాలు చుట్టి, తన నడుం వంచి లేపుతోంది. ఇంటికొచ్చి కసరత్తు చేయించే ఫిజియోథెరపిస్టును కొన్నాళ్లకే మాన్పించారు, ఖర్చు భరించలేక. సూర్యాపేటలో 2019లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చిన మాట నిజమే. కానీ ఒక పక్క పడిపోయిన మనిషిని ఆటో ఎక్కించి, బస్సు ఎక్కించి, ఓపీలో నిలబెట్టి తీసుకురావడం ఆమె ఒక్కతి వల్ల అయ్యే పని కాదు.

రెండో ఇల్లు ఇంకా నా కళ్ల ముందే ఉంది. గేటు గొళ్లెం చేతికందే ఎత్తులో లేదు, పీట వేసుకుంటే తప్ప అందనంత పైన బిగించారు. ఇల్లు హైవే దగ్గర కావడంతో, ఇంట్లోని పెద్దావిడ తెలియక బయటికి వెళ్లిపోకుండా ఈ ఏర్పాటు చేసుకున్నారు. ఆమెకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి తగ్గిపోయే జబ్బు. ఆమె వరండాలో కూర్చుని ఒళ్లో ఉన్న గుడ్డ పీలికల్ని ఎర్రవి ఒక పక్క, పచ్చవి ఒక పక్క వేరు చేస్తోంది. కోడలు బ్లౌజులు కుడుతుంది. కుట్టేటప్పుడు అత్తగారు గుడ్డ పట్టి లాగుతుండడంతో, కత్తిరించగా మిగిలిన ముక్కల్ని ఆమె ఒళ్లో పోయడం మొదలుపెట్టింది. అన్నీ వేరు చేయడం అయ్యాక ముసలమ్మ చూడకుండా మళ్లీ కలిపేస్తుంది. చేతికి తెలిసిన పని ఇస్తే కంగారు తగ్గుతుందన్నది డిమెన్షియా కేంద్రాల్లో శిక్షణ ఇచ్చి నేర్పించే విషయం. ఈ కోడలికి ఎవరూ నేర్పలేదు.

"అత్తమ్మ నన్ను వదినా అంటది అక్కా. ఆ వదిన పోయి ఇరవై ఏండ్లయింది. నేను కూడా పలుకుతా" అంది. భర్తకు మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పని. "రాత్రయితే ఆయనుంటడు. పొద్దంతనే కష్టం. వారంల రెండు పూటలు ఎవరన్నా చూసుకుంటే చాలు. బట్టలు కుట్టి ఇచ్చేస్తా. నా మోకాళ్లకు ఎక్స్‌రే తీపిచ్చుకోవాలె, వాయిదా వేసుకుంట వస్తున్న." వృద్ధాశ్రమం ఊసెత్తగానే ఆమె ముఖం మారింది. "అట్ల ఇడిసిపెడితే నలుగురు ఏమంటరు? నాకే మనసొప్పదు."

ఆమె అడిగింది డే కేర్ కేంద్రం. దాని పేరు ఆమెకు తెలియకపోయినా, దానితో పనేమిటో స్పష్టంగా తెలుసు. పొద్దున బండి ఇంటికొచ్చి తీసుకెళ్తుంది. బీపీ, షుగరు చూస్తారు, మందులు వేళకు వేస్తారు, చేయీ కాలూ కదిలిస్తారు, భోజనం పెడతారు, కాసేపు పడుకోనిస్తారు. సాయంత్రానికి ఇంటికి చేరుస్తారు. రాత్రి మనిషి తన మంచం మీదే పడుకుంటుంది. అటు ఆశ్రమం, ఇటు ఒంటరి చాకిరీ, ఈ రెండే మార్గాలని మనం అనుకోవడం వల్ల ఇళ్లలో ఆడవాళ్లు అరిగిపోతున్నారు.

ఇది కనీవినీ ఎరగని ఏర్పాటేమీ కాదు. జపాన్‌లో 2000 ఏప్రిల్‌లో మొదలైన దీర్ఘకాల సంరక్షణ బీమా కిందే పగటి కేంద్రాలు నడుస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో 1971లో పుట్టిన ఆన్ లోక్ సంస్థ, వలస వచ్చిన పెద్దల్ని నర్సింగ్ హోముకు పంపకుండా ఇంట్లోనే ఉంచుకునేందుకు ఈ దారి పట్టింది. న్యూజెర్సీలో మన పప్పూ చారూ తినేవాళ్ల కోసమే నడిచే కేంద్రాలున్నాయి. అంత దూరం ఎందుకు, కేరళలో స్థానిక సంస్థలు పగల్‌వీడు పేరుతో ఇలాంటి ఇళ్లు నడుపుతున్నాయి. మన కేంద్ర ప్రభుత్వం 1992లో తెచ్చిన వృద్ధుల పథకంలోనూ డే కేర్‌కు చోటిచ్చారు.

మరి ఈ ఏర్పాటు ఆ కోడలి దాకా ఎందుకు రాలేదు? మన ఆలోచనంతా డబ్బు చుట్టూ, ఆశ్రమం చుట్టూ తిరగడమే కారణమని నా అభిప్రాయం. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం ఆర్డీవో దగ్గరకు వెళ్తే నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించవచ్చు. జిల్లాకొక వృద్ధాశ్రమం, అందులో 150 మందికి చోటు ఉండాలని అదే చట్టం చెబుతుంది. ఆసరా పింఛను 2,016 రూపాయలు. ఇవన్నీ అవసరమే, కాదనను. కానీ పెద్దల్ని వదిలేసిన పిల్లల కోసం రాసిన చట్టంలో, వదలకుండా చూసుకుంటున్న కోడలికి దక్కేదేమీ లేదు. డే కేర్ కేంద్రాలను చట్టంలోకి తెచ్చే సవరణ బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది గానీ, సభ గడువు ముగియడంతో మురిగిపోయింది. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని పరిశోధకులు అంచనా కట్టారు. వారిలో ప్రతి ఒక్కరి వెనకా ఇంట్లో ఇలాంటి మనిషి ఒకరుండాలి.

కోదాడలో మొదలుపెట్టడానికి పెద్ద భవనం అక్కర్లేదని ఆ రెండిళ్లు చూశాక నాకు గట్టిగా అనిపించింది. ఫంక్షన్ హాళ్లు ఖాళీగానే ఉంటాయి కదా అని ఒకరన్నారు. నేను ఒప్పుకోను. ముహూర్తాలు రాగానే ముసలివాళ్లను లేపి పంపేయాల్సి వస్తుంది, మతి తప్పినవాళ్లకు చోటు మారితే మరీ బెదురు. మెట్లెక్కే పని లేని హాలు, పట్టుకోవడానికి కమ్మీలున్న కమోడ్ బాత్రూం, అన్నిటికంటే ముందు ఒక బండి కావాలి. బండి లేని డే కేర్ మళ్లీ నడవగలిగినవాళ్లకే పరిమితమవుతుంది. ఒక నర్సు, ఇద్దరు ఆయాలు, వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్టు. బీపీ మిషనూ, పేపర్లూ, కబుర్లు చెప్పే మనుషులూ రిటైరైన ఉద్యోగుల దగ్గర ఇప్పటికే ఉన్నారు. ఈ మాట అంటే మాస్టారు కాసేపు ఆలోచించి, "మాలో సగం మందిమి రేపు ఆ మంచాల మీద ఉండేవాళ్లమే. కమిటీలో పెడతా" అన్నారు.

మున్సిపాలిటీ, దాతలు, అమెరికాలో ఉన్న కోదాడ పిల్లలు దీన్ని పట్టించుకోవాలి. ఊరికి పంపే డబ్బులో కొంత గుడి గోపురానికి వెళ్లినట్టే ఈ బండికీ రావాలి. అంతదాకా మీ వీధిలో ఇలాంటి ఇల్లు ఉంటే ఒక పూట వెళ్లి కూర్చోండి. ఆ ఇల్లాలిని బయటికి పోయి రమ్మనండి. ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలంటే పెద్దల కోసం ఎల్డర్‌లైన్ ఉంది. నంబరు 14567. రోజూ పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు.