పెద్దల పళ్లెంలో ఏముంది?

వయసు పైబడినకొద్దీ ఆకలి మందగిస్తుంది. కాని శరీరానికి మాంసకృత్తుల అవసరం తగ్గదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం, కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అందాలి. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. అవి అందకపోతే కండరాలు క్షీణించి, సజ్దా నుండి లేవడమే కష్టమవుతుంది.

మా పట్టణంలోని ఒక వృద్ధాశ్రమానికి నేను జుమా రోజున అస్ర్ నమాజు తరువాత వెళుతుంటాను. అక్కడ అన్ని మతాల పెద్దలూ ఉంటారు. వారిలో 72 ఏళ్ల చాచా ఒకరు మాంసం కూరను ప్రతిసారీ పక్కకు జరిపి, మజ్జిగన్నంతో సరిపెట్టుకునేవారు. కారణం అడిగితే, "ఎవరు జిబహ్ చేశారో తెలియదు మౌల్వీ సాబ్! అడిగితే వారికి ఇబ్బంది. ఈ వయసులో నాకిది చాలు" అన్నారు. ఆయనకు మాంసం అరగదని నిర్వాహకులు భావించారు. నెలనెలా రుసుము చెల్లించే కుమారుడు, తండ్రి కడుపునిండా తింటున్నారని నమ్మాడు. ఎవరిలోనూ దురుద్దేశం లేదు. అయినా ఆయన చేతికర్ర లేనిదే లేవలేని స్థితికి వచ్చారు.

హలాల్ విషయంలో ఆయన నిష్ఠ గౌరవనీయం. అయితే ధర్మం ఆయనకు దారి మూసివేయలేదు. సముద్రపు వేటను దివ్యఖుర్ఆన్ (మాయిదా: 96) ధర్మసమ్మతం చేసింది, చేపకు జిబహ్ అవసరం లేదు. గుడ్డు, పాలు, పెరుగు, పప్పు విషయంలో సందేహమే లేదు. ఒక్క గుడ్డులోనే సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఈ సంగతి వివరించగా నిర్వాహకులు సంతోషంగా అంగీకరించారు. రోజూ ఉడికించిన గుడ్డు, మెత్తని పప్పు, వారానికి రెండుసార్లు ముళ్లు తీసిన చేప పెట్టసాగారు. మాంసాన్ని ముస్లిం దుకాణం నుండి తెప్పించడానికీ ఒప్పుకున్నారు. (మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని సలహా పాటించాలి.)

నమలలేని పెద్దలకు తల్బీనా శ్రేష్ఠమైనది. యవల పిండితో కాచే ఈ జావ రోగి మనసుకు ఊరటనిస్తుందని హజ్రత్ ఆయిషా (రజి.) ఉల్లేఖనం బుఖారీలో ఉంది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) పోషణలో ఆహారాన్ని చేర్చింది. వృద్ధులైన తల్లిదండ్రుల పట్ల విసుగు మాటైనా పలకరాదని అల్లాహ్ (బనీ ఇస్రాయీల్: 23) అంతకు ఎంతో ముందే ఆదేశించాడు. రుసుము చెల్లించినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. ఫోనులో "తిన్నారా అబ్బా?" అంటే, "తిన్నాను బేటా" అనే జవాబే వస్తుంది. "ఏమి తిన్నారు? ఏది పక్కన పెట్టారు? ఎందుకు?" అని అడగాలి. ఆశ్రమానికి వెళ్లినప్పుడు వారి పక్కన కూర్చొని, అదే పళ్లెంలో ఒక ముద్ద తినాలి.

పెద్దల హక్కులు నెరవేర్చే సౌభాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.