కట్టె వెనక్కి లాగే విద్య

అమెరికాలోని వెర్మాంట్‌లో కట్టెలు కార్డుల లెక్కన అమ్ముతారు. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున పేరిస్తే ఒక కార్డు. అంటే 128 ఘనపుటడుగులు. మా మాచర్ల అడితిలో అయితే కాటా వేసి ఇచ్చేవాళ్లు. కాటా ఉన్నచోట పచ్చికట్టె అమ్మేవాడిదే రాజ్యం, నీళ్లక్కూడా డబ్బులొస్తాయి మరి. ఇక్కడ కొలత కాబట్టి ఆ బాధ లేదు గానీ, బాగా ఎండినవని చెప్పి నిన్నగాక మొన్న కొట్టినవి దించిపోయే వాళ్లకు ఈ గడ్డ మీదా కొదవ లేదు. అందుకే కట్టెలు దిగగానే ఒక మొద్దు చీల్చి, లోపలి ముఖానికి తేమ మీటరు గుచ్చి చూస్తాను. ఇరవై శాతం లోపుంటే పొయ్యికి. పైనుంటే షెడ్డుకి, వచ్చే ఏడాదికో ఆపై ఏడాదికో.

రెంటచింతల పక్కవాడికి చలిపొయ్యి గోలేంటని మా వాళ్లు నవ్వుతారు. నవ్వరూ మరి? ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు రాకుండా ఉండదు, 45 డిగ్రీలు దాటడం మా వైపు వింతేం కాదు. నేనుండేది బర్లింగ్‌టన్‌కు అరగంట దూరంలో, కొండవాలున. జనవరి రాత్రుల్లో సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోతుంది. ఇంటిని వెచ్చగా ఉంచడానికి హీట్ పంపు ఉంది, దాని పని అది చేస్తుంది. కానీ మంచు బరువుకు చెట్టు విరిగి తీగల మీద పడితే కరెంటు పోతుంది, కరెంటుతో పాటు హీట్ పంపూ పోతుంది. అప్పుడు పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా కాపాడేది హాల్లో ఉన్న ఇనప పొయ్యే. చలి ముదిరితే కరెంటున్నా వెలిగిస్తాం. కరెంటు బిల్లు కోసమని పైకి చెప్తాను గానీ, ఇష్టంతోనే.

నిప్పు సంగతి నాకు తెలిసింది మాత్రం ఎత్తిపోతల దగ్గర. మా అమ్మమ్మది ఆ దారిలోనే ఓ చిన్న ఊరు. ఎత్తిపోతల దగ్గర చంద్రవంక ఏరు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకి, ఆ తర్వాత కృష్ణలో కలిసిపోతుంది. పైన నిలబడి ఫొటోలు దిగి పోయేవాళ్లకు జలపాతం, మొసళ్లు. మాకు దత్తాత్రేయుడి గుడి, మధుమతీదేవి, తండాల నుంచి వచ్చే జనం, రాళ్ల పొయ్యిల మీద వంటలు. వానాకాలంలో ఆ లోయలో ఏది ముట్టుకున్నా చెమ్మే. అక్కడ ఏరుకున్న పుల్లలు ఓ పట్టాన అంటుకోవు, అంటుకున్నా మండవు. పొగ మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. పక్క పొయ్యి వాళ్లు కళ్లు తుడుచుకుంటూ ఊదుతుంటే, మా అమ్మమ్మ ఇంటి దగ్గర నుంచి గోతాంలో చుట్టి తెచ్చిన పత్తికట్టె విప్పేది.

పల్నాట్లో వంటచెరుకంటే చాలావరకు పత్తికట్టె, మిరపకట్టె, కందికంప. మోపు కోసం అడివిలోకి పోతే ఫారెస్టోళ్లతో తంటా, సర్కారు తుమ్మ కొడితే చేతుల నిండా ముళ్లు. చేలో పంట అయిపోయాక మోళ్లు పీకి, ఎండకు పేర్చి, దొడ్లో వామేసి పెట్టుకుంటే ఏడాదంతా దాంతోనే నెట్టుకొచ్చేవాళ్లు. సన్నపుల్ల, మా ఎండకు పెళపెళలాడేలా ఎండిన పుల్ల, చుట్టూ గాలి తగిలే పుల్ల. చప్పున అంటుకుని భగ్గున మండేది, పొగ తక్కువ. చిక్కల్లా ఒకటే, అది నిలవదు. ఎగదోస్తూ పొయ్యి ముందే కూర్చోవాలి. పప్పు ఉడికేదాకా ఆ పీట మీంచి లేచే ప్రశ్నే లేదు.

ఇంజనీరింగు చదివాక గానీ దీని వెనకున్న సంగతి నాకు తెలియలేదు. కట్టె నేరుగా మండదు. వేడి తగిలితే ముందు దాన్లోని నీళ్లు ఆవిరవుతాయి. తర్వాత కట్టెలోంచి మండే వాయువులు వెలువడతాయి. చివరికి మిగిలేది బొగ్గు. కట్టెలో ఉన్న వేడిలో సగానికి పైగా ఆ వాయువుల్లోనే ఉంటుంది. అవి అంటుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి, కావలసినంత గాలి, రెండూ ఒకేచోట ఉండాలి. లేకపోతే అవే చల్లబడి సన్నటి తారు తుంపరలై బయటికి పోతాయి. అదే పొగ. డబ్బులిచ్చి కొని, చీల్చి, మోసి, కాల్చకుండా ఆకాశానికి వదిలేసిన కట్టె అన్నమాట. పచ్చికట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. పది కిలోల్లో ఆ అయిదు కిలోల నీళ్లు ఆవిరి కావడానికి ఖర్చయ్యేది, లెక్క వేస్తే, కట్టెలోని వేడిలో ఏడో వంతు. అదేమంత ప్రాణం తీసే నష్టం కాదు. అసలు దెబ్బ వేరే ఉంది. ఆ ఆవిరి మంటను చల్లార్చి, వాయువులు అంటుకునేంత వేడి రానివ్వదు. ఏడో వంతు పోయిందనుకుంటాం, పోయింది అంతకన్నా బాగా ఎక్కువ.

మా హాల్లో పొయ్యి ఈ లెక్క మీదే కట్టింది. లోపలంతా వేడిని పట్టి ఉంచే ఇటుకలు, ముందు గాజు తలుపు, పైకప్పు కింద సన్నటి చిల్లులున్న గొట్టాలు. కింద కట్టెలు రాజుకున్నాక, గొట్టాల్లో వేడెక్కిన గాలి ఆ చిల్లుల్లోంచి చిమ్ముతుంది. అప్పుడు చూడాలి. కట్టెకూ పైకప్పుకూ మధ్య ఏమీ లేని చోట, ఒక్కో చిల్లు దగ్గరా గ్యాసు పొయ్యి బర్నరులాగా చిన్న చిన్న మంటలు వరసగా వెలుగుతాయి. ఆ మండేది పొగే. బయటికెళ్లి చిమ్నీ కేసి చూస్తే పొగ కనపడదు, గొట్టం మీద గాలి మాత్రం అలలుగా వణుకుతుంటుంది. అమెరికా పర్యావరణ సంస్థ కట్టెల పొయ్యిలకు 1988లో మొదటిసారి హద్దులు పెట్టింది. 2020 మే నుంచి కొత్తగా అమ్మే పొయ్యి గంటకు రెండు గ్రాములకు మించి పొగ ధూళి వదలకూడదు, దుంగలతో పరీక్షిస్తే రెండున్నర. పాతకాలపు పొయ్యిలు పదిహేను నుంచి ముప్పై గ్రాముల దాకా వదిలేవి. అయితే ఆ రెండు గ్రాములు ప్రయోగశాలలో, ఎండిన కట్టెతో, తెలిసినవాడి చేతిలో. ఇళ్లల్లో ఎవరి పొయ్యి వాళ్ల పనితనం మీద ఉంటుంది.

ఆ పనితనం నేను చూసింది మా అమ్మ వచ్చినప్పుడు. హాల్లోకి రాగానే పొయ్యి చూసి నిలబడిపోయింది.

“ఏందిరా ఇది? కట్టెల పొయ్యి వదిలించుకోను మాకు సగం జన్మ పట్టింది. నువ్వు డాలర్లు పోసి కొనుక్కున్నావా?”

“వంటకు కాదమ్మా, చలికి.”

“దేనికైనా పొయ్యి పొయ్యేగా.”

వారం తిరక్కుండా ఆ పొయ్యి తనదైపోయింది. దోసెల పిండి దానికి రెండడుగుల దూరంలో పెడితే తెల్లారేసరికి పొంగింది, అంతకుముందు ఆ చలికి మా ఇంట్లో పిండి పులిస్తే ఒట్టు. ఓ రోజు మంటంతా దిగి నిప్పులు కణకణలాడుతున్నప్పుడు తలుపు తియ్యమంది. నూనె రాసిన వంకాయ పటకారుతో నిప్పుల్లో పెట్టింది. చిమ్నీ బాగా లాగుతుంటే తలుపు తీసినా పొగ ఇంట్లోకి రాదు, బయట చలి ఎంత ఎక్కువైతే గొట్టం అంత గట్టిగా లాగుతుంది. తొక్క పేలి రసం చిటపటలాడింది. ఆ పచ్చడి రుచి గురించి ఇక్కడ రాస్తే కాలమ్ దారి తప్పుతుంది.

చిమ్నీ ఇలా లాగడం తిరగబడే సందర్భం కూడా ఒకటుంది. తెలుగు ఇళ్లవాళ్లు గుర్తు పెట్టుకోవాల్సింది. తాలింపులో ఎండుమిరపకాయలు వేసి ఎగ్జాస్ట్ ఫ్యాను జోరుగా పెట్టామనుకోండి. కిటికీలన్నీ బిగించిన చలిదేశపు ఇంట్లో ఆ ఫ్యానుకు గాలి ఎక్కడినుంచి రావాలి? చిమ్నీలోంచే. పొగ ఎదురుతిరిగి హాల్లోకి దిగుతుంది, దాంతో పాటు వాసన తెలియని కార్బన్ మోనాక్సైడూ దిగుతుంది. అందుకే పొయ్యికి బయటి నుంచి విడిగా గాలి గొట్టం ఉంటే మేలు. గొట్టం ఉన్నా లేకపోయినా మోనాక్సైడు అలారం మాత్రం తప్పనిసరి.

అమ్మ చెప్పిన అసలు మాట పక్కింటాయన చిమ్నీ గురించి. పెద్దాయన మంచివాడే. కానీ రాత్రి పడుకోబోయే ముందు పొయ్యినిండా మొద్దులు కుక్కి, గాలి మీట పూర్తిగా మూసేస్తాడు, తెల్లారేదాకా నిప్పు నిలవాలని. ఆ చుట్టుపక్కల చాలామందికి అదే అలవాటు. వాకిట్లో మంచు మీద నిలబడి అమ్మ ముక్కు ఎగబీల్చింది. “ఆయన పొయ్యి మండట్లేదురా, మగ్గుతోంది” అంది. గాలి తగ్గిస్తే కట్టె నిదానంగా కాలుతుంది కదమ్మా అన్నాను.

“మంట దించాలంటే కట్టె ఎనక్కి లాగాల. గొంతు నొక్కితే ఎట్టా?”

అంతే కదా. పాలు పొంగబోతే మా అమ్మమ్మ పొయ్యి నోటికి రాయి అడ్డం పెట్టలేదు, కట్టె రెండంగుళాలు వెనక్కి లాగింది. మంటను కట్టెతో దించింది, గాలితో కాదు. మూసిన ఇనప పొయ్యిలో అంటుకున్న మొద్దును వెనక్కి లాగడం కుదరదు, కాబట్టి పెట్టేటప్పుడే తక్కువ పెట్టాలి. రెండు మూడు సన్న పేళ్లు, గాలి బారుగా తెరిచి. గట్టిగా అంటుకున్నాకే మీట కొంచెం కొంచెంగా తగ్గించాలి, గాజులోంచి మంట మందకొడిగా కనబడితే మళ్లీ తెరవాలి. గాజు నల్లబడిందంటే కట్టె పచ్చిదన్నా అయ్యుండాలి, గాలి చాలకన్నా పోయుండాలి. మగ్గే పొయ్యి తారు చిమ్నీ గోడలకు పేరుకుంటుంది, దాన్ని క్రియోసోట్ అంటారు. అది ఒక రోజు అంటుకుందంటే చిమ్నీయే కొలిమి అయిపోతుంది. ఏటా చిమ్నీ గీకించుకోమనేది అందుకే. మంట గొంతు నొక్కకుండా కాల్చడాన్ని ఫిన్లండు వాళ్లు పూర్తిగా ఆచరణలో పెట్టారు. వాళ్ల రాతి పొయ్యిలు టన్నుల బరువుంటాయి. గంటో రెండు గంటలో ఫుల్లుగా మండించి వదిలేస్తారు, ఆ రాయి రోజంతా ఇంటికి వేడి ఇస్తుంది. నిప్పును రాత్రంతా నిలపక్కర్లేదు, వేడిని నిలిపితే చాలు.

ఈ తెలివి మన దగ్గర లేక కాదు. మాచర్ల హోటళ్లలో పొట్టు పొయ్యి ఎరగనివాళ్లెవరు? డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు గట్టిగా దట్టించి, సీసా మెల్లగా పైకి లాగేస్తే నిలువునా సొరంగం మిగులుతుంది. కింద చిల్లులో నిప్పు పెడితే గాలి ఆ సొరంగంలోంచి పైకి లాగుతుంది, పొట్టు గంటల తరబడి ఒకే తీరున మండుతుంది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు మట్టితో కట్టుకునే పొగగొట్టం పొయ్యి ఒకటి తయారుచేసి, లక్షల వంటిళ్లకు పొగ లేకుండా చేయొచ్చంటూ 1953లో ఏకంగా పుస్తకమే వేశారు. 1980ల్లో మొదలై 2002 దాకా నడిచిన జాతీయ పథకం కింద దేశంలో మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు పెట్టారు. చాలావరకు మూలపడ్డాయి. గొట్టం మసితో పూడిపోతే గీకేవాళ్లు లేరు, కొలతలు తప్పి కట్టిన పొయ్యి పొగను లోపలికే తోసింది. వండేవాళ్లను అడగకుండా కట్టిన పొయ్యి ఎవరికి కావాలి? వంటింటి పొగను చివరికి తగ్గించింది గ్యాసే. మన దగ్గర 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం.

అయితే వెర్మాంట్‌లో నా పొయ్యి శుభ్రమైనదేనా? ఇక్కడ ఇల్లూ ఇల్లూ దూరం, చుట్టూ అడివి, కాబట్టి నా పొగ భారం పెద్దగా ఎవరి మీదా పడట్లేదు. పచ్చపురుగు దెబ్బకు చచ్చిన యాష్ చెట్లు ఎటూ ఉన్నాయి. ఆ పురుగు ఈ రాష్ట్రంలో 2018లో బయటపడింది, అది పాకకుండా, వేడితో శుద్ధి చేయని బయటి రాష్ట్రాల కట్టెలు రానివ్వరు. కానీ ఇదే పొయ్యి ఊరి నడిమధ్య నేను పెట్టను. కారులో రెండు గంటల దూరంలో ఉన్న మాంట్రియల్ 2018 అక్టోబరు నుంచి గంటకు రెండున్నర గ్రాములు దాటే పొయ్యిలు వెలిగించకూడదంది, గాలి బాగాలేదని హెచ్చరించిన రోజున ఆ మంచి పొయ్యిలూ ఆపాల్సిందే. అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ గుంటలో ఉన్న ఊరు. చలికి గాలి కదలక, ఇంటింటి పొగా ఊరి మీదే నిలిచిపోయి, సూక్ష్మ ధూళి లెక్కల్లో ఆ ఊరు అమెరికాలోనే అధ్వాన్నపు జాబితాకెక్కింది. పొయ్యి మంచిదా చెడ్డదా అని ఒక్కదాన్నే చూసి చెప్పలేం, ఆ లోయలో ఎన్ని పొయ్యిలున్నాయో కూడా చూడాలి. సాయంత్రం వేళ మన ఊళ్ల మీద పరుచుకునే పొగ చూసి పెరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

అమ్మమ్మ చివరి రోజుల్లో విడవకుండా దగ్గేది. ఆమె జీవితంలో ఒక్క చుట్ట తాగలేదు. ఇంటి పొగకూ ఊపిరితిత్తుల జబ్బుకూ, కంట్లో పొరకూ ఉన్న సంబంధం తర్వాతెప్పుడో చదివాను.

అమ్మ ఇప్పుడు మాచర్లలో గ్యాసు మీదే వండుతుంది. స్నానాల నీళ్లు మాత్రం దొడ్లో, మధ్యలో గొట్టం ఉన్న రాగి బాయిలర్లోనే కాగుతాయి. సిలిండరు ఒంటికి పోసుకోవడానికి కాదని ఆమె వాదన. మొన్న ఫోనులో, ఈసారి వచ్చినప్పుడు మేడమీద సోలార్ హీటరు పెట్టిస్తానన్నాను.

“పెట్టించు. ముసురు పట్టినప్పుడు మాత్రం నా పత్తికట్టె నాకుంటది. నీ హాల్లో పొయ్యి నువ్వు తీసేశావా ఏంది?”