మంచు నేల మీద బండి

కెనడా దేశములోని క్విబెక్ రాష్ట్రంలో వాల్కూర్ అనే చిన్న ఊరున్నది. మాంట్రియల్ నుండి కారులో సుమారు గంటన్నర ప్రయాణము. మాంట్రియల్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబమొకటి గత ఫిబ్రవరిలో మమ్మును అక్కడికి తీసుకొని వెళ్లారు. పొలమేదో, దారి ఏదో తెలియనంతగా అంతా తెల్లగా ఉన్నది. కంచె కర్రల కొనలు మాత్రము పైకి కనిపిస్తున్నవి.

స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి చరిత్రలో ఈ ఊరికి గొప్ప పేరున్నది. జోసఫ్ అర్మాండ్ బొంబార్డియే ఇక్కడ మెకానిక్కు. 1926లో ఆయన పెట్టుకొన్న గ్యారేజీని ఇప్పటికీ మ్యూజియము దగ్గర భద్రపరిచి ఉంచారు. 1934 శీతాకాలములో ఆయన రెండేండ్ల కుమారునికి కడుపులో వ్యాధి ముదిరినది. ఆసుపత్రి 50 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దారులన్నీ మంచుతో మూసుకొనిపోయినవి. ఆయన తయారుచేస్తున్న మంచుబండి అప్పటికి నడిచే స్థితిలో లేదు. బిడ్డ దక్కలేదు. మన ఏజెన్సీ గూడెములలో డోలీ మోసినవారికి ఈ తండ్రి బాధ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన పని మానలేదు. 1937లో పేటెంటు వచ్చినది. ఏడుగురు కూర్చునే బండ్లు వచ్చినవి. వైద్యులు, టపావారు వాటిని వాడుకొన్నారు. తరువాత 1959లో ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి, 'స్కీ-డూ', తయారైనది. మొదటి బండ్లలో ఒకదానిని ఒంటారియో ఉత్తర ప్రాంతంలో ఆదివాసుల మధ్య సేవ చేస్తున్న తన మిత్రుడు, కథోలిక మిషనరీ ఫాదర్ మోరిస్ వీమే గారికి ఇచ్చారు. అంతవరకు ఆ ప్రాంతములో కుక్కలు లాగే బండ్లే ఆధారము.

మ్యూజియము చూచిన తరువాత ఊరి చివర ఒక షెడ్డులో చాలాసేపు నిలబడిపోయాము. అక్కడ ఒక ముసలి మెకానిక్కు ఒక రైతు బండికి ముందు సస్పెన్షన్ సరిచేస్తున్నాడు. ఈ బండికి వెనుక రబ్బరు పట్టా, ముందు రెండు స్కీలు ఉంటవి. పాత బండ్లలో స్కీల మీద లారీకి ఉన్నట్టే కమాను పట్టీలుండేవి. ఇప్పుడు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు వచ్చినవి. రైతు ఫిర్యాదు ఏమంటే, మలుపులో హ్యాండిల్ తిప్పినా బండి తిరగక నేరుగా జారిపోతున్నదట.

మెకానిక్కు వెంటనే స్ప్రింగు ముట్టుకోలేదు. ముందుగా స్కీ అడుగున మంచును కోసే ఉక్కు కడ్డీలను వేలితో తడిమి చూచాడు. అవి అరిగిపోతే ఎంత బిగించినా ప్రయోజనము లేదట. బాగానే ఉన్నవి. అప్పుడు బండి ముందుభాగమును పైకెత్తి నిలిపి, స్కీలు వ్రేలాడుచుండగా షాకు మీది రింగును ఒక చుట్టు బిగించాడు. రెండవ ప్రక్కన కూడా సరిగ్గా అంతే. ఒక ప్రక్క ఎక్కువైతే బండి ఒరుగుతుందన్నాడు. మరీ బిగిస్తే హ్యాండిల్ బరువెక్కి చేతులు నొప్పి పుట్టునట.

వెనుక సస్పెన్షన్‌లో ఒక బెల్టు ఉన్నది. దానిని కురచ చేస్తే బరువు స్కీల మీదికి వస్తుంది, వదులు చేస్తే పట్టా మీదికి పోతుంది. ఇది మాకు వెంటనే అర్థమైనది. ఎడ్లబండిలో బస్తాలు వెనుకకు సర్దితే కాడి మెడల మీద నిలువదు, ముందుకు సర్దితే ఎద్దుల మెడలు వంగిపోతవి. కాడి కట్టినవానికి వేరే పుస్తకమెందుకు?

బెల్టు కూడా సరిచేయుమని రైతు అడిగితే మెకానిక్కు ఒప్పుకొనలేదు. ఒకసారికి ఒక్కటే మార్చి, తోలి చూడాలి. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసినదో తెలియదని ఆయన మాట. రైతు షెడ్డు వెనుక రెండు చుట్లు తిరిగి వచ్చాడు. ఇంకొక అర చుట్టు కావాలన్నాడు. మెకానిక్కు మరల జాకీ పెట్టాడు.