హంసలదీవి తీరమున

ఈ మాఘమాసమున సాగరసంగమ స్నానమునకై మేము నలుగురము స్త్రీలము హంసలదీవికి పోయితిమి. బెజవాడనుండి అవనిగడ్డ, కోడూరుల మీదుగా త్రోవ. వరిమళ్ళు, ఆపై రొయ్యల చెఱువులు గడచినకొలది నేలయు నీరును ఒక్క మట్టముగ తోచును. వేణుగోపాలస్వామిని సేవించి, కృష్ణవేణి కడలిలో గలియు చోటికి జేరితిమి. ఆనాడు సముద్రము నిదురించు పసిపాపవలె నుండెను. ఈ నీరే 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెనయై దివిసీమపై బడి, సుమారు పదివేలమందిని పొట్టబెట్టుకొన్నదన్న నమ్మశక్యము గాకపోయెను.

ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టుచున్న యొక యవ్వను పలుకరించితిమి. ఆ దినము నామె కన్నులార చూచినది.

"గాలివాన వస్తందని రేడియోలో చెప్పారంటమ్మా. మా గుడిసెలో రేడియో యేదీ? మేకల్ని వదిలి యాడికి పోతామనుకున్నాం. నీళ్ళొచ్చినాక పోడానికి దారి లేదు. తాటిచెట్టు పట్టుకుని నేను మిగిలాను. మా అమ్మ మిగల్లేదు" అని చెప్పి, మరల చేపలను తిరుగవేయసాగెను.

మాకు నోట మాట రాలేదు. మాతో వచ్చిన మేనకోడలు తన చేతిఫోనులో ఉపగ్రహము ఆ పూట దీసిన బంగాళాఖాతపు చిత్రమును జూపి, అవ్వకును మాకును ఇట్లు వివరించెను.

1977లో మబ్బులను నిరంతరము కనిపెట్టుటకు మన దేశమునకు స్వంత ఉపగ్రహము లేదు. 1983లో ఇన్సాట్-1బి నింగి కెగసినపిదప ఆ కొఱత తీఱినది. ఇట్టి ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమితో సమముగ తిరుగుచుండుటచే, ఎల్లప్పుడును ఒక్కచోటనే నిలిచినట్లు కన్పట్టును. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోటనుండి పంపిన ఇన్సాట్-3డిఎస్ ఈ కోవలోనిదే. పగలు సూర్యకాంతిచే మబ్బులను జూచును. రాత్రి వానినుండి వెలువడు వేడిమిని గొలుచును. మబ్బు కొన యెంత చల్లనైన నంత యెత్తున నున్నదన్నమాట. అట్టి మబ్బులు సుడి తిరుగుచు పేరుకొనుచున్నచో తుపాను బలియుచున్నదని నిపుణులు గ్రహింతురు.

1990 మే 9వ తేదీన కృష్ణాముఖద్వారము చెంతనే మఱియొక ఘోరమైన తుపాను తీరము దాటెను. ముందుగా తెలియుటచే లక్షయేబదివేలమందిని తరలించిరి. అప్పటికిని వేయిమందికి కొంచెము తక్కువగ మరణించిరి. అది అల్పమని యెవరందురు? అయినను పదివేలు గాలేదు.

వేఱొక జాతి ఉపగ్రహములు నేలను జూచును. పచ్చని యాకు మన కంటికి గానరాని పరారుణకాంతిని మిక్కిలిగ వెనుకకు పంపును గనుక, వాని చిత్రములలో చెట్లను ఎఱుపురంగున జూపుదురు. ఈ తీరపు మడ అడవులు అందు కుంకుమ రాశివలె నుండును. అలల యురవడిని తగ్గించు నీ యడవి యెచట పలుచబడినదో, ఏటేటి చిత్రములను ప్రక్కప్రక్కన బెట్టిన తెలియును.

అవ్వ యంతయు విని, చిత్రముపై వ్రేలుంచి "ఇందులో మా యిల్లేదమ్మా?" అని యడిగెను. పిల్ల తడబడెను. వేడిమిని గొలిచి తీయు నా చిత్రమున నాలుగు కిలోమీటర్ల చదరము ఒక్క చుక్క మాత్రమే! అవ్వ పల్లె యంతయు నా చుక్కలో మఱుగుపడినది.

"పోనీలే" అని అవ్వ నవ్వెను. "ఇప్పుడు ఫోనుకి మాట వస్తదమ్మా. రాగానే మా కోడలు ముందు నన్ను లేపుద్ది. మేకల్ని తోలుకుని తుపాను షెల్టరుకి పోతాం."

సోదరీమణులారా! సముద్రమంతయు జూడగల కన్ను ఒక గుడిసెను జూడలేదు. చూచినను, అందున్న ముసలిదాని చేయిపట్టి లేపలేదు. ఆ పని ఇంటి కోడలిది. వార్త వచ్చినపుడు పాత్రలకును పెట్టెలకును వెనుదీయక, పిల్లలను వృద్ధులను వెంటబెట్టుకొని ముందుగ గడప దాటుట మన వంతు. తిరుగుదారిలో మే మందఱము ఆ కోడలినే తలచుకొంటిమి.