రోన్ లోయ ఎర్రవైను

1954 దాకా ఫ్రెంచివారి యేలుబడిలో వున్న యానాం మాది. అయినా ఫ్రెంచి భోజనం సంగతి మాలో ఎందరికో తెలియదు. అవిన్యోను దగ్గర కాపురమున్న మా పినతల్లి కొడుకు మొన్న వేసవిలో వచ్చి చెప్పగా విన్నాను.

అక్కడి ‘కోత్ ద్యు రోన్’ ఒకే రకం ద్రాక్షతో చేసేది కాదట. గ్రెనాష్ వల్ల పండు రుచీ, బలమూ. సిరా వల్ల రంగూ, మిరియపు ఘాటూ. మూర్వెద్ర్ వల్ల వగరూ. మన పులుసులో చింతపండూ బెల్లమూ కలిసినట్టన్నమాట. 1937లో ఆ పేరుకు అక్కడి సర్కారు హద్దులు, నిబంధనలు పెట్టింది.

దానికి జోడు మూలికాకులు వేసి కాల్చిన గొర్రెమాంసం. లేదా వంకాయ, టమాటా ఆలివు నూనెలో మగ్గించిన రతతూయ్. అంటే కారం లేని వంకాయకూరే! మన గోంగూరమాంసం మాత్రం పనికిరాదు. మిరపకారం మీద వైను పడితే నోరు మరీ మండుతుంది.

సారాకు మగణ్ణి పోగొట్టుకున్న మా పినతల్లి అంతా విని, “ఒక్క గ్లాసుతో లేస్తావట్రా?” అని మాత్రం అడిగింది.

“అన్నంతో పాటేనమ్మా. అన్నమైతే అదీ అయినట్టే.”

ఆవిడ నమ్మలేదు. వాడున్న నెల్లాళ్ళూ రాత్రి కంచం పక్కన మజ్జిగ గ్లాసు తానే పెట్టింది. వాడు మారుమాట్లాడక తాగేవాడు.